నిజాం గారి స్టాంపుతో మొదలుపెట్టండి: సంస్థానాల తపాలా బిళ్ళలు సేకరించడం ఎలా

మా తాతయ్య ఇనప్పెట్టెలో సుతిలి తాడుతో కట్టిన ఉత్తరాల కట్ట ఒకటి ఉండేది. నాకు పదకొండేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, ఆ కట్ట విప్పాను. ప్రతి కవరుకీ కుడి మూల కత్తెరతో కత్తిరించి, చెంబులో నీళ్ళు పోసి నానబెట్టి, చార్మినార్ బొమ్మ ఉన్న స్టాంపులు పదిహేడు పోగేశాను. మిగిలిన కవర్లు నీళ్ళ పొయ్యిలోకి పోయాయి. నానమ్మ ఏమీ అనలేదు, కాగితాలు బాగా అంటుకున్నాయని సంతోషించింది కూడా.

ఆ పదిహేడు స్టాంపులు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. అన్నీ కలిపి అమ్మితే నలుగురం హోటల్లో టిఫిన్ చేయొచ్చు, అంతే. అదే కవర్లు ఉండుంటే, ఏ ఊళ్ళో వేశారు, ఏ ఊరికి చేరింది, దారిలో ఎన్ని రోజులు పట్టింది, అన్నీ వాటి మీదే ఉండేవి. కాబట్టి ఈ వ్యాసంలో అన్నిటికంటే ముందు చెప్పే మాట ఇదే: ఇంట్లో పాత ఉత్తరాలుంటే కత్తెర ముట్టుకోకండి. మిగతా సంగతులు తర్వాత.

ముందు ఏది ఏమిటో తెలుసుకోండి

బ్రిటిష్ కాలంలో సంస్థానాలు అయిదు వందలకు పైచిలుకు ఉండేవి. సొంత తపాలా బిళ్ళలు వాడుకున్నవి మాత్రం నలభై ప్రాంతంలోనే. మన వైపు చూస్తే, హైదరాబాద్‌కి ఉన్నాయి. బనగానపల్లె కూడా సంస్థానమే గానీ దానికి తపాలా బిళ్ళలు లేవు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం లాంటివి జమీందారీలు, వాటికి ఆ ప్రశ్నే లేదు. ఎవరైనా "బొబ్బిలి రాజావారి పోస్టల్ స్టాంపు" అని అమ్మజూపితే నవ్వి ముందుకు నడవండి.

ఉన్నవాటిలో రెండు జాతులు. ఒకటి, బ్రిటిష్ ఇండియా స్టాంపు మీదే సంస్థానం పేరు అచ్చొత్తినవి. రాణి తలో రాజు తలో అలాగే ఉంటుంది, దాని మీద నల్లగా పేరు పడుతుంది. పటియాలా, గ్వాలియర్, జీంద్, నాభా, చంబా, ఫరీద్‌కోట్, ఈ ఆరూ బ్రిటిష్ వాళ్ళతో ఒప్పందం చేసుకుని 1884 నుంచి మూడు నాలుగేళ్ళలో ఈ పద్ధతిలోకి వచ్చాయి. ఈ బిళ్ళలు సంస్థానం దాటి బ్రిటిష్ ఇండియాకి వెళ్ళే ఉత్తరాలకి కూడా చెల్లేవి. రెండోది, సంస్థానం తానే గీయించి, తానే అచ్చు వేయించుకున్నవి. ఇవి ఆ సంస్థానం ఎల్లల లోపలే చెల్లేవి. హైదరాబాద్, తిరువాన్కూర్, కొచ్చిన్, జైపూర్, భోపాల్, జమ్మూ కాశ్మీర్ ఈ రకం. అసలు మజా అంతా ఈ రెండో రకంలోనే ఉందని నా అభిప్రాయం. మొదటి రకంలో అచ్చుతప్పులు వెతికేవాళ్ళు ఒప్పుకోరనుకోండి. చంబా అనే పేరులో అక్షరాలు తారుమారైన స్టాంపు కోసం ప్రాణం పెట్టే మనుషులున్నారు.

ఇంకో తేడా కూడా మొదట్లోనే పట్టుకోవాలి. తపాలా బిళ్ళ వేరు, రెవెన్యూ బిళ్ళ వేరు, కోర్టు ఫీజు బిళ్ళ వేరు. సంస్థానాల పేరుతో పాత కాగితాల మీద కనిపించే పెద్ద పెద్ద రంగుల బిళ్ళల్లో చాలావరకు రెవెన్యూ, కోర్టు ఫీజువే. అవి కూడా మంచి సేకరణే, కానీ అది వేరే దారి.

ఈ తేడా నాకు నేర్పింది ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే ఒక పెద్దాయన. నేను ఒక నిజాం బిళ్ళ చూపించి పోస్టల్ స్టాంపు దొరికిందని మురిసిపోతుంటే, "ఏం పోస్టు తమ్మీ, మంచిగ చూడు. దీని మీద పెన్నుతోని సంతకం ఉన్నది. ఇది రసీదు మీద అంటించింది" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. హైదరాబాద్‌లో 1915 నుంచి వచ్చిన కొన్ని బిళ్ళల మీద "పోస్ట్ అండ్ రిసీట్" అని ఇంగ్లీషులోనే ఉంటుంది. ఉత్తరానికీ పనికొచ్చేది, డబ్బు ముట్టినట్టు రాసే రసీదుకీ పనికొచ్చేది. తపాలా ముద్ర పడితే ఒక విలువ, పెన్ను గీత పడితే అందులో పిసరంత.

ఒక్క సంస్థానం ఎంచుకోండి

కొత్తవాళ్ళు చేసే పొరపాటు, "సంస్థానాల స్టాంపులు వంద" అని ప్లాస్టిక్ కవరులో వేసి అమ్మేది కొనడం. ఆ వందలో అరవై తిరువాన్కూర్, కొచ్చిన్ మామూలు బిళ్ళలే ఉంటాయి. అయినా తప్పు లేదు, చేతికి అలవాటు కావడానికి ఒకసారి కొనండి. రెండోసారి మాత్రం వద్దు. ఒక సంస్థానం పట్టుకుని కూర్చోండి.

తెలుగు చదవగలిగినవాళ్ళకి హైదరాబాద్‌ని మించింది లేదు. ఊళ్ళు మనకు తెలిసినవి, కట్టడాలు మనం చూసినవి, పైగా మామూలు రకాలు చవక. వరస ఇలా నడుస్తుంది.

హైదరాబాద్ మొదటి స్టాంపు 1869లో వచ్చింది. ఒక అణా, ఆలివ్ ఆకుపచ్చ, లండన్‌లో నిస్సెన్ అండ్ పార్కర్ చేసిన పలకలతో అచ్చు వేసింది. మరుసటి ఏడు, 1870లో, స్థానికంగా చెక్కించిన అర్ధణా, రెండణాల బిళ్ళలు వచ్చాయి. ఇవి చూడ్డానికి బోసిగా, ఎముకల గూడులా ఉంటాయి కాబట్టి సేకర్తలు వీటిని "స్కెలిటన్" అంటారు. షీటులోని 240 బిళ్ళలనూ విడివిడిగా చెక్కారు, అంటే ఏ రెండూ అచ్చం ఒకలా ఉండవు. ఇవి ఖరీదైనవి. మొదటి ఏడాది వీటి జోలికి వెళ్ళకండి.

1871లో లండన్‌కి చెందిన బ్రాడ్‌బరీ విల్కిన్సన్ చెక్కిన చిన్న బిళ్ళలు మొదలయ్యాయి. అవే డిజైన్లు దాదాపు నలభై ఏళ్ళు నడిచాయి. అన్నేళ్ళు అచ్చు వేశారు కాబట్టి ఒకే విలువలో లెక్కలేనన్ని ఛాయలుంటాయి. అర్ధణా బిళ్ళలు పాతిక పక్కపక్కన పెడితే ఇటుక ఎరుపు దగ్గర్నుంచి నారింజ దాకా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. మీ సేకరణకి ఇదే సరైన మొదలు, దొరుకుతాయి, చవక, చూసేకొద్దీ కొత్తది కనిపిస్తుంది.

ఇక 1931లో బొమ్మల వరస వచ్చింది. అణా మీద చార్మినార్. రెండణాల మీద మూసీ ఒడ్డున హైకోర్టు. నాలుగణాల మీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట చెరువు. ఎనిమిదణాల మీద అజంతా గుహల ముఖద్వారం, పన్నెండణాల మీద బీదర్ మదరసా, రూపాయి మీద దౌలతాబాద్ మినార్. ఈ ఆరూ వరసగా పెట్టి చూడండి, నిజాం రాజ్యం పటం కళ్ళ ముందుకొస్తుంది. అజంతా, దౌలతాబాద్ ఇప్పుడు మహారాష్ట్రలో, బీదర్ కర్ణాటకలో. పిల్లలకి భాషాప్రయుక్త రాష్ట్రాల గురించి చెప్పాలంటే నేను ఈ పేజీ తీస్తాను.

1937లో నిజాం రజతోత్సవానికి నాలుగు బిళ్ళలు వచ్చాయి: యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు. 1945 డిసెంబరులో యుద్ధం గెలిచినందుకు ఒక అణా నీలం బిళ్ళ. 1947లో మూడణాల మీద ఓరుగల్లు కోట తోరణం, ఆరణాల మీద గోల్కొండ కోట, అణా నాలుగు పైల మీద హైదరాబాద్ పవర్ హౌస్. పవర్ హౌస్ బొమ్మని స్టాంపు మీద వేసుకున్నారంటే ఆ రోజుల్లో కరెంటంటే ఎంత గొప్పో అర్థమవుతుంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినా నిజాం తపాలా వెంటనే ఆగిపోలేదు. 1950 ఏప్రిల్ 1న భారత తపాలా శాఖలో కలిసిపోయింది. అంటే ఎనభై ఏళ్ళ కథ. ఒక మనిషికి సరిపోయేంత.

చేతిలో ఉన్న బిళ్ళని చదవడం

ఒక పని చేయండి. 1871 నాటి ఆ చిన్న బిళ్ళ ఒకటి సంపాదించి, కిటికీ పక్కన కూర్చుని, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కన్నుకి ఆనించి పెట్టుకోండి. మధ్యలో ఉర్దూ లిపి. చుట్టూ సన్నటి తీగలు. అంచుల్లో విలువ నాలుగు భాషల్లో ఉంటుంది, ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీ, ఇంకోటి తెలుగు. మామూలు కంటికి అది కూడా తీగ ముగ్గులాగే అనిపిస్తుంది. నేను చాన్నాళ్ళు దాన్ని అలంకారం అనే అనుకున్నాను. ఒక మధ్యాహ్నం "అ" తోక కనిపించి గుండె జల్లుమంది. లండన్‌లో తెలుగు ఒక్క ముక్క రాని పనివాడు రాగి పలక మీదో ఉక్కు పలక మీదో చెక్కిన మన అక్షరం అది. వంకర టింకరగా ఉంటుంది పాపం.

తర్వాత పళ్ళు లెక్కపెట్టండి. అంచు చుట్టూ ఉండే రంధ్రాలు రెండు సెంటీమీటర్లలో ఎన్ని ఉన్నాయో, అదే ఆ బిళ్ళ "పెర్ఫరేషన్" సంఖ్య. పన్నెండున్నర, పదకొండున్నర, ఇలా ఉంటాయి. ఒకే బొమ్మ, ఒకే రంగు, పళ్ళు తేడా ఉంటే కేటలాగులో, అంటే స్టాంపుల వివరాలు, ధరలు ఉండే పుస్తకంలో, వేరే లైను, ఒక్కోసారి వేరే ధర. దీనికి పెర్ఫరేషన్ గేజ్ అని అట్ట ముక్క అమ్ముతారు. స్కేలు పెట్టి లెక్కపెట్టినా వస్తుంది, కళ్ళు పోతాయంతే.

వెనక్కి తిప్పితే వాటర్‌మార్క్. కాగితం తయారయ్యేటప్పుడే లోపల పడే గుర్తు. తిరువాన్కూర్‌కి శంఖం, కొచ్చిన్‌కి గొడుగు. నల్లటి పింగాణీ పళ్ళెంలో బోర్లా పెట్టి, సిగరెట్ లైటర్లో పోసే ద్రవం రెండు చుక్కలు వేస్తే గుర్తు తేలి, నిమిషంలో ఆరిపోతుంది. కిటికీ తెరవండి, దేవుడి గదిలో దీపం వెలుగుతుంటే ఆ పక్క చేయకండి.

మీద పడ్డ మాటలు కూడా చదవాలి. హైదరాబాద్ బిళ్ళ మీద ఉర్దూలో "సర్కారీ" అని అదనంగా అచ్చొత్తి ఉంటే అది ప్రభుత్వ కార్యాలయాలు వాడుకున్నది. తిరువాన్కూర్‌లో "ఆన్ ఎస్ ఎస్", కొచ్చిన్‌లో "ఆన్ సి జి ఎస్" అని ఉంటుంది. ఉర్దూ రాదని బెంగపడకండి. "సర్కారీ" ఒక్క మాట ఆకారం గుర్తుపెట్టుకుంటే చాలు, నేనూ అంతే.

తేదీల దగ్గర చాలామంది తికమక పడతారు. నిజాం ప్రభుత్వం ఫసలీ సంవత్సరం వాడేది. ముద్ర మీద గానీ ఉత్తరంలో గానీ 1350 లాంటి అంకె కనిపిస్తే కంగారు పడి పధ్నాలుగో శతాబ్దానికి వెళ్ళిపోకండి. 590 కలపండి. 1350కి కలిపితే 1940. ఏడాది మొదలు, చివర తేడాల వల్ల ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది.

డబ్బు లెక్క కూడా అంతే. రూపాయికి పదహారు అణాలు, అణాకి పన్నెండు పైలు, ఇది అందరికీ తెలిసిందే. కానీ నిజాం రూపాయి హాలీ సిక్కా, బ్రిటిష్ రూపాయి కల్దార్. దాదాపు ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్ రూపాయలు. కాబట్టి హైదరాబాద్ అణా, మద్రాసు అణా ఒకటి కాదు. తిరువాన్కూర్‌లో కాసులు, చక్రాలు నడిచేవి, పదహారు కాసులు ఒక చక్రం. కొచ్చిన్‌లో మొదట పుత్తన్‌లు, ఆరు పుత్తన్‌లంటే అయిదణాలు. కొత్తలో ఈ లెక్కలన్నీ ఒక అట్ట మీద రాసి ఆల్బమ్ మొదట్లో పెట్టుకోండి.

సామాను

పెద్దగా ఖర్చు లేదు. మొన దగ్గర చదునుగా ఉండే స్టాంపు ట్వీజర్లు ఒకటి. కనుబొమ్మలు తీసుకునేది పనికిరాదు, దాని పదును కాగితాన్ని కొరికేస్తుంది. చేత్తో పట్టుకోవద్దు, మన వేళ్ళకి ఎప్పుడూ చెమటో నూనో ఉంటుంది. పది రెట్ల భూతద్దం. నల్ల పేజీల స్టాక్‌బుక్, అంటే బిళ్ళలు దోపుకునే పుస్తకం, ఒకటి. అంతే. ఆల్బమ్ ఆరు నెలల తర్వాత కొనుక్కోవచ్చు.

కేటలాగు మాత్రం కావాలి. సంస్థానాలకి అందరూ చూసేది స్టాన్లీ గిబ్బన్స్ వాళ్ళది. కొత్తది ఖరీదు ఎక్కువ. పదేళ్ళ నాటి పాత ప్రతి చాలు, నంబర్లు, బొమ్మలు, పళ్ళ వివరాలు మారవు. అందులో రాసిన ధర చూసి మీ దగ్గరున్నదానికి అంత వస్తుందని మాత్రం అనుకోకండి. అది మచ్చ లేని బిళ్ళకి, పేరున్న దుకాణం చెప్పే ధర. మన బజార్లో బేరం వేరేగా నడుస్తుంది.

ఎక్కడ దొరుకుతాయి

తపాలా శాఖ ఫిలాటలీ బ్యూరోలు పెద్ద పోస్టాఫీసుల్లో ఉంటాయి, హైదరాబాద్‌లో ఆబిడ్స్ జీపీఓలో ఉంది. అక్కడ అమ్మేవి ఇప్పటి భారత స్టాంపులు, సంస్థానాలవి కాదు. అయినా ఒకసారి వెళ్ళిరండి. అక్కడికొచ్చే సేకర్తలతో మాట కలిపితే ఎగ్జిబిషన్లు ఎప్పుడో, ఎవరి దగ్గర ఏముందో తెలుస్తుంది. ఎగ్జిబిషన్లలో డీలర్ల బల్లల దగ్గర కూర్చుని ఒక్కో పేజీ తిప్పి చూసే అవకాశం ఉంటుంది. బల్ల ముందు స్టూలు లాక్కుని గంట కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు, మీరు నిజంగా చూస్తున్నారని వాళ్ళకి తెలిస్తే చాలు.

ఆన్‌లైన్ వేలాల్లో కూడా బోలెడు ఉంటాయి. అక్కడ మూడు జాగ్రత్తలు. వెనక వైపు ఫొటో అడగండి. పలచబడిన చోటు, చిరుగు అతుకు, పురుగు కొట్టిన కంత, అన్నీ వెనకే దాక్కుంటాయి. "అసలైనది, గ్యారంటీ" అని రాసినదానికంటే "తిరిగి తీసుకుంటాం" అని రాసినవాళ్ళని నమ్మండి. మూడోది, రాత్రి పదకొండు దాటాక వేలం పాడకండి. ఇది అనుభవం.

నకిలీలు: డబ్బు పోయేది ఇక్కడే

ఒకసారి ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర జమ్మూ కాశ్మీర్ గుండ్రటి బిళ్ళలు అయిదు, 1866 నాటివని రాస్తే, తొమ్మిది వందలకి కొన్నాను. కవరు విప్పి చూడగానే అనుమానం రావాల్సింది, అయిదూ ఒకే నలుపు, అయిదింటికీ ఒకే చోట ఒకే చుక్క. వాటిని తీసుకెళ్ళి ఒక పాత సేకర్తకి చూపిస్తే ఆయన భూతద్దం కూడా తీయలేదు. "బాబూ, ఇవి దాచుకో, నకిలీ ఎలా ఉంటుందో చూసుకోవడానికి పనికొస్తాయి" అన్నారు. అమ్మినతను ఫోన్ ఎత్తలేదు. ఆ అయిదూ ఇప్పుడు నా స్టాక్‌బుక్ చివరి పేజీలో "గురుదక్షిణ" అని రాసి ఉన్నాయి.

జమ్మూ కాశ్మీర్, సోరఠ్ అంటే జునాగఢ్, భోపాల్, ఈ మూడింటి తొలి బిళ్ళలకి నకిలీలు ఎక్కువ. కారణం తేలిక. అవి మొదటే చేతి ముద్రలతో, ముతక అచ్చుతో తయారైనవి. అసలుదే మొరటుగా ఉంటే నకిలీ చేయడానికి పెద్ద పనితనం అక్కర్లేదు. భోపాల్ బిళ్ళల మీద బేగం అనే మాటనే ఇంగ్లీషులో రకరకాల అక్షర దోషాలతో చెక్కారు, అవన్నీ అసలువే. దోషం ఉంది కాబట్టి నకిలీ అనుకున్నా మోసపోతారు, దోషం ఉంది కాబట్టి అసలు అనుకున్నా మోసపోతారు.

నకిలీ కాకుండా రీప్రింట్లని ఇంకో తలనొప్పి ఉంది. అసలు అచ్చు పలకలతోనే, తపాలా మూతపడ్డాక, సేకర్తలకి అమ్మడానికి మళ్ళీ కొట్టినవి. బుషహర్, ఫరీద్‌కోట్, నంద్‌గావ్ ఇందులో పేరు పొందాయి. ఈ మూడూ కొత్తవాళ్ళకి వద్దు. చర్ఖారీ 1931 బొమ్మల వరస అసలైనదే గానీ, వ్యాపారుల చేతుల్లో గుట్టలు గుట్టలుగా పడి ఒకప్పుడు చవగ్గా చల్లేశారు. అందంగా ఉంటాయి, పిల్లలకి ఇవ్వడానికి బాగుంటాయి, పెట్టుబడి అనుకుంటే మాత్రం నిరాశే.

ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు రెండు మూడు ఉన్నాయి. కరెన్సీ నోట్లు చూసే అల్ట్రావయొలెట్ టార్చి కొనండి. చీకట్లో బిళ్ళ మీద వేస్తే పాత కాగితం మందకొడిగా ఉంటుంది. తెల్లగా నీలంగా మెరిసిపోతే ఆ కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉన్నట్టు. అది 1870లో లేదు. తర్వాత భూతద్దం. హైదరాబాద్ బిళ్ళలు చాలావరకు చెక్కిన పలకలతో అచ్చు వేసినవి, గీతలు తెగకుండా పదునుగా ఉంటాయి, సిరా కాస్త ఉబ్బెత్తుగా నిలబడుతుంది. గీత బదులు రంగు చుక్కలు కనిపిస్తే అది ఇప్పటి ప్రింటర్ పనే. "సర్కారీ" లాంటి పై అచ్చు ఉన్నప్పుడు, తపాలా ముద్ర దాని పైన పడిందా, కింద ఉందా చూడండి. పై అచ్చు ముందు పడాలి, ముద్ర తర్వాత. ముద్ర మీద "సర్కారీ" కూర్చుందంటే ఎవరో తీరిగ్గా తర్వాత కొట్టినట్టు.

వేలల్లో పెట్టి కొనేటప్పుడు ఈ ఇంటి వైద్యం చాలదు. నిపుణుల కమిటీ సర్టిఫికెట్ ఉన్నదే కొనండి.

నానబెట్టాలా, వద్దా

ముందు ఈ ప్రశ్న వేసుకోండి: కవరు మొత్తంగా ఉందా? ఉంటే అలాగే ఉంచండి. నిజాం బిళ్ళ రాజ్యం లోపలే చెల్లేది కాబట్టి బయటికి వెళ్ళే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా తపాలా ఖర్చు కూడా పెట్టాల్సి వచ్చేది. రెండు ప్రభుత్వాల బిళ్ళలు ఒకే కవరు మీద పక్కపక్కన ఉంటే దానికోసం సేకర్తలు పోటీ పడతారు. విడిగా తీస్తే అవి రెండు మామూలు బిళ్ళలు.

కవరు ముందే చిరిగి, మూల ముక్క మాత్రమే ఉంటే నానబెట్టొచ్చు. వెడల్పు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, బొమ్మ పైకి ఉండేలా తేల్చండి. పావుగంట తర్వాత దానంతట అదే జారుతుంది. జారకపోతే ఇంకో పది నిమిషాలు ఆగండి, గోటితో లాగకండి. బోర్లా తిప్పి బ్లాటింగ్ పేపర్ మీద ఆరబెట్టి, కొంచెం తడి ఉండగానే లావుపాటి పుస్తకం కింద రాత్రంతా ఉంచండి. రంగు కవరు ముక్కలు విడిగా నానబెట్టాలి, లేకపోతే ఎర్ర కవరు రంగు అన్నిటికీ పాకుతుంది.

జమ్మూ కాశ్మీర్ తొలి బిళ్ళలు కొన్ని నీటి రంగులతో అచ్చు వేసినవి. వాటిని నీళ్ళలో వేస్తే గిన్నెలో రంగునీళ్ళు, చేతిలో ఖాళీ కాగితం మిగులుతాయి. చేతి ముద్రలతో కొట్టిన ఏ సంస్థానం బిళ్ళనైనా నీటికి దూరంగా ఉంచడమే మేలు.

పేజీ ఎలా పెట్టాలి

జిగురు, సెల్లోటేప్, ఫెవికాల్, ఈ మూడూ ఇంట్లో ఆ గదిలోనే ఉండకూడదు. వాడిన బిళ్ళలకి హింజ్ అనే చిన్న జిగురు కాగితపు మడత చాలు. వెనక జిగురు చెక్కు చెదరని కొత్త బిళ్ళలకి మాత్రం ముందువైపు పారదర్శకంగా ఉండే మౌంట్లు అనే తొడుగులు వాడండి, హింజ్ అంటిస్తే విలువ పడిపోతుంది.

పేజీ మీద అన్నీ కుక్కకండి. ఒక పేజీకి ఆరో ఏడో బిళ్ళలు, కింద రెండు లైన్లు, మీ చేత్తో, తెలుగులో. ఏ ఏడాది, ఎన్ని పళ్ళు, ఎక్కడ కొన్నారు, ఎంతకి. ఆ చివరి రెండూ అందరూ మర్చిపోతారు. పదేళ్ళ తర్వాత మీకు కావలసింది అవే.

నేను హైదరాబాద్ పేజీల్లో ఊళ్ళ ముద్రలకి విడిగా చోటు పెట్టాను. ముద్ర మీద ఊరి పేరు స్పష్టంగా చదవగలిగిన బిళ్ళ దొరికితే, ఎంత చిరిగినా తీసుకుంటాను. వరంగల్, నల్లగొండ, నిజామాబాద్ సులువుగానే దొరుకుతాయి. చిన్న ఊళ్ళవే కష్టం. కేటలాగులో వీటికి ధర లేదు, అందుకే అమ్మేవాళ్ళకి వీటి మీద కన్ను లేదు. రూపాయల పోటీ లేని చోట ఓపికకే ఫలితం.

వాన, పురుగు, తుప్పు మచ్చ

మన వాతావరణంలో స్టాంపులకి శత్రువు తేమ. జూలై నుంచి అక్టోబరు దాకా కాగితం మీద గోధుమ రంగు మచ్చలు వస్తాయి. ఒక బిళ్ళకి వస్తే పక్కదానికి పాకుతుంది, కాబట్టి మచ్చ పడినది విడిగా పెట్టండి. స్టాక్‌బుక్ పడుకోబెట్టకుండా నిలబెట్టండి. ఇనప బీరువాలో గోడకి ఆనుకున్న అర వద్దు. సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. విశాఖ, కాకినాడ వైపు వాళ్ళకి ఈ టెన్షన్ రెండింతలు, సముద్రపు గాలి వల్ల. నెలకి ఒక్కసారైనా పుస్తకం తెరిచి ఫ్యాన్ కింద కాసేపు పేజీలు తిప్పండి. ఆ రోజు మీకూ బాగుంటుంది, పుస్తకానికీ బాగుంటుంది. కలరా ఉండలు, అగరుబత్తి పొడి లాంటివి స్టాంపుల పక్కన పెట్టకండి.

రెండో ఏడు

హైదరాబాద్ ఒక దారికి వచ్చాక పక్క చూపులు చూడొచ్చు. బొమ్మల కోసమైతే: జైపూర్ 1904లో సూర్యుడి రథం వేసుకుంది. ఝాలావాడ్ అప్సరసని వేసుకుంది. దతియా వాళ్ళు వినాయకుణ్ణి. సిర్మూర్ ఏనుగుని. జునాగఢ్ 1929లో గిర్ సింహాన్ని. బూందీ మొదట కటారి, తర్వాత ఆవుల్ని కాచే రాజు. చవగ్గా, వరసగా నింపుకోవాలంటే తిరువాన్కూర్, కొచ్చిన్. అక్కడ తపాలాని అంచల్ అనేవారు. రెండు రాజ్యాలూ కలిసి తిరువాన్కూర్-కొచ్చిన్ పేరుతో 1949 నుంచి 1951 దాకా బిళ్ళలు వాడాయి, సంస్థానాల స్టాంపుల కథ అక్కడితో ముగిసింది.

నా హైదరాబాద్ ఆల్బమ్‌లో ఇప్పటికీ ఒక పేజీ ఖాళీగా ఉంది. నిజాం బిళ్ళ, బ్రిటిష్ బిళ్ళ పక్కపక్కన ఉన్న కవరు కోసం వదిలిపెట్టాను. మొన్న సంక్రాంతికి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి, "అరేయ్, ఇల్లు సర్దుతుంటే పెద్దనాన్న ట్రంకుపెట్టెలో పాత ఉత్తరాలు బయటపడ్డాయి. నీకు స్టాంపులంటే ఇష్టం కదా, కత్తిరించి వాట్సాప్‌లో ఫొటోలు పెట్టనా?" అన్నాడు. కత్తెర కింద పెట్టి, పెట్టె మూత వేసి, తాళం తన దగ్గరే ఉంచుకోమన్నాను. ఆదివారం వెళ్తున్నాను.